నీళ్ళు తాగితే ఒంటేలికి యాడికి పోవల్ల?

కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పల పేరు ఏడాదికి ఒక్కసారి పత్రికల్లో కనిపిస్తుంది. ఉగాది మరుసటి రోజు అక్కడ పిడకల సమరం జరుగుతుంది. ఊరు రెండు వర్గాలుగా చీలి పిడకలు విసురుకుంటుంది. దెబ్బలు తగులుతాయి, విభూతి పూసుకుంటారు, టీవీల వాళ్ళు వస్తారు, ఫోటోలు పడతాయి. తెల్లారేసరికి కెమెరాలన్నీ వెళ్ళిపోతాయి. ఆ పిడకలు చరిచిన ఆడవాళ్ళూ, వాటిని విసిరిన మగవాళ్ళూ సద్ది మూట కట్టుకుని మళ్ళీ కూలికి పోతారు. పండుగ సంగతి రాయడానికి చాలామంది వున్నారు. మేము ఆ తర్వాతి రోజు సంగతి రాస్తున్నాము.

ఎండాకాలం పనిగంటలు, కూలి రేట్లు మాట్లాడడానికి కైరుప్పల, చుట్టుపక్కల ఊళ్ళ కూలీలతో కూర్చున్నాము. ఎజెండా అంతా అయిపోయాక, ఎండలు ముదురుతున్నాయి గనుక నీళ్ళు బాగా తాగండి, ఒంట్లో నీరు తగ్గితే వడదెబ్బే కాదు, కిడ్నీలు కూడా చెడతాయి అని కరపత్రంలో వున్న మాటలు మేమూ చెప్పాము. వెనక వరసలో కూర్చున్న ఒకామె, నలభై ఏళ్ళుంటాయి, నవ్వింది.

"నీళ్ళు తాగమంటారు, సరే అన్నా. తాగితే ఒంటేలికి యాడికి పోవల్ల? చేను చూస్తే పలక మాదిరి వుంది. చెట్టు ల్యాకపాయ, చేమ ల్యాకపాయ. ఆ గట్టు మీద మేస్త్రి, ఈ గట్టు మీద ఆసామి. అందుకే పొద్దున ఒక్క చెంబు తాగి పోతాము, మళ్ళా ఇల్లు చేరినంకనే తాగేది."

పక్కనున్న ఆడవాళ్ళంతా తలలూపారు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ ప్రాంతంలో తిరుగుతున్నాము. కూలి పెంచమన్నాము, భూములు పంచమన్నాము, రేషన్ కార్డుల కోసం ఆఫీసుల ముందు బైఠాయించాము. ఒక్క డిమాండ్ల పత్రంలోనూ ఈ మాట రాయలేదు. సంఘంలో సగం మంది ఆడవాళ్ళే, అయినా మాకు తట్టలేదు. ఇది మా లోపం, ఒప్పుకుంటున్నాము.

ఆ రోజు నుంచి మేము ఈ మూత్రం సంగతి చదవడం మొదలుపెట్టాము. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఏడో తరగతితో చదువు ఆగిన మాకు దొరికిన మొదటి పుస్తకం పదో తరగతి జీవశాస్త్రం. అందులో విసర్జన పాఠం. అది చదివాక తెలిసిన ఇద్దరు డాక్టర్లను పట్టుకుని అర్థం కానివన్నీ అడిగాము. మాకు అర్థమైనంత మేరకు ఇక్కడ రాస్తున్నాము, ఎందుకంటే దీని మీద మేము పెట్టే డిమాండ్లు దీని లెక్కల నుంచే పుట్టినాయి.

మనిషికి మూత్రపిండాలు రెండు. కిడ్నీలంటాము, పుస్తకంలో వృక్కాలంటారు, మాంసం అంగట్లో గుర్దా అంటారు. పిడికిలంత వుంటాయి, చిక్కుడు గింజ ఆకారం, ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు. కడుపు వెనక, వెన్నెముకకు అటొకటి ఇటొకటి, పక్కటెముకల అడుగు కొసలకు ఆనుకుని వుంటాయి. కాలేయం అడ్డం వున్నందువల్ల కుడివైపుది కొంచెం కిందికి వుంటుంది. కలుపు తీసేవాళ్ళు నడుము పట్టుకుని "కిడ్నీల నొప్పి" అనేది చాలాసార్లు వెన్ను కండరాల నొప్పే. కిడ్నీ మామూలుగా నొప్పి పెట్టదు. మెల్లగా చెడిపోయేటప్పుడు అసలే నొప్పి పెట్టదు. దానితో వచ్చిన చిక్కంతా అదే.

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కొడుతుంది. ఇంత చిన్న అవయవాలకు అందులో అయిదో వంతుకు పైగా, అంటే ఒక లీటరుకు మించి పోతుంది. ఒక్కొక్క కిడ్నీలో సుమారు 10 లక్షల జల్లెడ గొట్టాలున్నాయి. వాటిని నెఫ్రాన్లు అంటారు, తెలుగులో వృక్క నాళికలు. ప్రతి నాళిక మొదట్లో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాల ముడి వుంటుంది, దాన్ని రక్తకేశనాళికా గుచ్ఛం అన్నారు. దాని చుట్టూ గిన్నె లాంటి బౌమన్ గుళిక. రక్తం ఆ ముడిలోకి ఒత్తిడితో వస్తుంది. రక్తకణాలు, మాంసకృత్తులు జల్లెడ పైనే ఆగుతాయి. నీరు, ఉప్పు, చక్కెర, యూరియా అన్నీ కిందికి దిగుతాయి. ఇట్లా దిగే నీరు రోజుకు ఎంతనుకున్నారు? 180 లీటర్లు. మన ఇంటి బిందెతో కొలిస్తే పన్నెండు బిందెలు.

మరి రోజుకు మనం పోసే ఉచ్చ లీటరున్నర. మిగతాదంతా ఏమయింది? మేము కూడా ఇక్కడే చాలాసేపు ఆగిపోయాము. కిడ్నీ చెత్తను ఏరి పారేస్తుందనే మేము అనుకునేవాళ్ళము, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. దాని పని దానికి తిరగబడి వుంది. అది చాటలోని బియ్యమంతా కింద పోసేస్తుంది, పోసి, మళ్ళీ బియ్యపు గింజలనే ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది. రాళ్ళు ఎక్కడివక్కడే మిగిలిపోతాయి. నాళిక మొదటి వంకరలోనే, సమీపస్థ సంవళిత నాళం అని దాని పేరు, మూడింట రెండు వంతుల నీరు, ఉప్పు, ఉన్న చక్కెరంతా వెనక్కి రక్తంలోకి పోతాయి. ఆ తర్వాత గొట్టం కిందికి దిగి మళ్ళీ పైకి వస్తుంది. దాని పేరు హెన్లీ శిక్యం. శిక్యం అంటే మన ఉట్టేనని బడిపంతులు చెప్తేగాని మాకు తెలియలేదు. ఉట్టి అని రాసుంటే ఏం పోయేదో! ఆ ఉట్టి దగ్గర ఉప్పును పోగుచేసి, ఆ ఉప్పు బలంతో నీటిని గుంజుకునే ఏర్పాటు వుంది. చివరి సంగ్రహణ నాళం దగ్గర ఇంకా ఎంత నీరు వెనక్కి తీసుకోవాలో తేల్చేది మెదడు. ఒంట్లో నీరు తగ్గగానే మెదడు కింది పీయూష గ్రంథి వాసోప్రెస్సిన్ అనే హార్మోన్ వదులుతుంది. అది అందిందంటే కిడ్నీ ప్రతి బొట్టునూ వెనక్కి లాగుతుంది, ఉచ్చ చిక్కబడి పచ్చగా వస్తుంది. నీరు ఎక్కువైతే ఆ హార్మోన్ తగ్గుతుంది, ఉచ్చ తెల్లగా నీళ్ళలా వస్తుంది.

దిగువ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. కాలువలో నీరు తగ్గితే ఎవరి మడికి ఎంత అని వంతులు పడతాయి. అయితే ఎంత వంతులు వేసినా ఒక హద్దు వుంది. ఒంట్లో పుట్టిన మలినాన్ని బయటికి పంపడానికి కిడ్నీ ఎంత చిక్కగా చేసినా రోజుకు కనీసం అర లీటరు నీరు కావాలి. అంతకన్నా తగ్గితే మలినం రక్తంలోనే నిలబడిపోతుంది.

ఇప్పుడు మన చేలోకి రండి. ఏప్రిల్, మే ఎండలో వంగి పనిచేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. ఆరుగంటల పనిలో నాలుగు లీటర్లే పోయిందనుకుందాము. ఆమె తాగింది ఒక చెంబు. లోటు ఎవరు పూడుస్తారు? రక్తమే పూడ్చాలి. రక్తం చిక్కబడుతుంది, పరిమాణం తగ్గుతుంది, గుండె మెదడుకూ కండరాలకూ ముందు పంపి కిడ్నీకి వచ్చే వాటా కోస్తుంది. జల్లెడ గొట్టాల కణాలకే రక్తం చాలక అవి దెబ్బ తింటాయి. రాత్రి నీళ్ళు తాగి పడుకుంటే చాలావరకు కోలుకుంటాయి. మర్నాడు మళ్ళీ అదే చేను, అదే ఎండ. ఏళ్ళ తరబడి ఇట్లాగే సాగితే కొన్ని నాళికలు మచ్చకట్టి మూసుకుపోతాయి. పుట్టిన తర్వాత మనిషికి కొత్త నెఫ్రాన్ ఒక్కటి కూడా పుట్టదు. పోయింది పోయినట్టే.

ఉచ్చ కిందికి పోయే దారి కూడా చూడాలి. కిడ్నీ నుంచి రెండు మూత్రనాళాలు, ఒక్కొక్కటి జానెడుకు కొంచెం ఎక్కువ, మూత్రాశయంలోకి దిగుతాయి. మూత్రాశయమంటే కండరపు తిత్తి. పావు లీటరు చేరేసరికి పోవాలనిపిస్తుంది, అర లీటరయ్యేసరికి ఆపుకోవడం కష్టమవుతుంది. అక్కడి నుంచి బయటికి పోయే గొట్టాన్ని ప్రసేకం అంటారు. మగవాళ్ళకు అది సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 4 సెంటీమీటర్లే. బయటి సూక్ష్మక్రిములకు ఆడవాళ్ళ మూత్రాశయం అంత దగ్గర. క్రిములు పైకెక్కకుండా చూసేది ఏదయ్యా అంటే, గంటగంటకూ కిందికి కడిగేసే ఉచ్చ ధారే. తాగకపోతే ధార లేదు. ఆపుకుంటే తిత్తిలో నిలవనీరు. నిలవనీటిలో పురుగు పడుతుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మంట, చలిజ్వరం, గర్భిణికైతే నెలలు నిండని కాన్పు, ఇన్‌ఫెక్షన్ పైకెక్కితే కిడ్నీకే ముప్పు. ఇదంతా ఆడవాళ్ళ సిగ్గు వల్ల వచ్చిందని అనేవాళ్ళున్నారు. చాటు లేని చోట నలుగురు మగవాళ్ళ ముందు మనిషి ఒంటేలికి కూర్చోకపోతే దాన్ని సిగ్గు అనాలా, చాటు కల్పించనివాడి బాధ్యతారాహిత్యం అనాలా?

ఇంక రాళ్ళు. కిడ్నీలో రాయి అంటే కంకర రాయి కాదు, ఎక్కువ భాగం కాల్షియం ఆగ్జలేటు స్ఫటికాలు. ఉచ్చ చిక్కబడితే ఉప్పునీటి మడిలో ఉప్పు పేరినట్టు పేరుతుంది. ఈ రాయి మటుకు నొప్పి పెడుతుంది, మూత్రనాళంలో దిగేటప్పుడు మనిషి నేల మీద పొర్లాడతాడు. ఆ అనుభవం మాలో ఒకరికి వుంది. కొండపిండాకు, ఉలవ కట్టు, అరటి దవ్వ రసం అందరూ చెప్తారు. మా వాడూ అన్నీ తాగాడు. డాక్టరు మటుకు ఒక్క ముక్క అన్నాడు: "వీటన్నిటితో పాటు నీ కడుపులోకి రోజూ ఎన్ని నీళ్ళు పోయినాయో చూసుకో, పనిచేసింది ఎక్కువగా అదే." రోజుకు రెండు, రెండున్నర లీటర్ల ఉచ్చ వచ్చేట్టుగా తాగితే రాయి మళ్ళీ పేరే అవకాశం బాగా తగ్గుతుంది. చేలో వుండే మనిషికి ఆ వీలెక్కడిది?

ఇవన్నీ ఒక ఎత్తు, నొప్పుల బిళ్ళ ఒక ఎత్తు. పత్తి ఏరినా కలుపు తీసినా సాయంత్రానికి నడుం వంగదు, లేవదు. రేపు పనికి పోకపోతే రేపటి కూలి లేదు. చిల్లర అంగట్లో డైక్లోఫెనాక్ బిళ్ళ దొరుకుతుంది, ఆర్.ఎం.పి. దగ్గర అదే సూది. వేసుకోగానే హాయిగా వుంటుంది. అయితే రక్తం తగ్గిన వేళ కిడ్నీలోకి పోయే సన్న నాళం మూసుకుపోకుండా తెరిచి పట్టి వుంచే పదార్థాలు కొన్ని ఒంట్లో పుడతాయి, వాటి పేరు ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పిని పుట్టించేవీ ఆ కుటుంబానివే. బిళ్ళ ఆ రెంటినీ కలిపి అణిచేస్తుంది. నీడపట్టున నీళ్ళు తాగి వుండే ఆరోగ్యవంతుడికి ఎప్పుడో ఒకటి వేసుకుంటే పెద్దగా ఏం కాదు. నాలుగు లీటర్ల చెమట కార్చి ఒక చెంబు తాగిన మనిషికి రోజూ వేస్తే ఆ చివరి తలుపు కూడా మూసినట్టే.

ఈ మందు ఎంతటిదో రాబందులను అడగాలి. ఒకప్పుడు చచ్చిన గొడ్డును పారేస్తే గంటలో రాబందులు దిగేవి, నలభై దాటినవాళ్ళందరికీ గుర్తే. 1990ల నుంచి మన దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా నశించిపోయాయి. కారణం 2004లో తేలింది. నొప్పులకు గొడ్లకు డైక్లోఫెనాక్ పొడుస్తున్నారు, ఆ గొడ్డు చస్తే దాని మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు చెడి చస్తున్నది. 2006లో పశువులకు ఆ మందు వాడడాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు గొడ్లకు వాడుతున్నారని 2015లో ఆ సూది మందును 3 మిల్లీలీటర్లకు మించి ఒక సీసాలో నింపగూడదన్నారు. మంచి పనే, రాబందు కూడా బతకాలి. మనిషి ఒళ్ళు రాబందు ఒళ్ళు కాదు, అంత తేలిగ్గా చావదు, అది నిజమే. అయినా ఎండలో మాడే కూలీకి ఈ బిళ్ళ ఎన్ని రోజులు వేయొచ్చు, ఎప్పుడు వేయగూడదు అనేది మా వూళ్ళలో గోడ మీద రాసి పెట్టిన వాళ్ళు మటుకు లేరు. రాబందుకు దొరికిన శ్రద్ధ కూలీకి దొరకలేదు.

మేము భయపెట్టడానికి రాస్తున్నామని కొందరు అనవచ్చు. కైరుప్పలలో ఉద్దానం వచ్చిందని మేము చెప్పడం లేదు. కాని ఉద్దానం కథ తెలిసి వుండడం మంచిది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల సీమ అది. చూడడానికి పచ్చగా వుంటుంది. 1990ల నుంచి అక్కడ చక్కెర జబ్బు, రక్తపోటు లేనివాళ్ళకు కూడా కిడ్నీలు చెడడం డాక్టర్ల కంట పడింది. జబ్బు పడినవాళ్ళలో ఎక్కువమంది రైతులు, కూలీలు. నీళ్ళన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పుల బిళ్ళలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఏ ఒక్కటీ ఇదే కారణమని తేలలేదు. జనం ఏళ్ళ తరబడి ఆందోళన చేసిన మీదట డయాలసిస్ మీదున్నవాళ్ళకు 2019లో పింఛను 10 వేల రూపాయలు చేసారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్ళ పథకం వచ్చింది. మొదటి రోగికీ ఆ ఆసుపత్రికీ మధ్య ఎన్ని సంవత్సరాలు గడిచాయో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

సముద్రాలకు అవతల కూడా ఇదే వరస. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరుకు తోటల్లో పడుచువాళ్ళకు కిడ్నీలు చెడుతున్నాయని వైద్య పత్రికలకెక్కింది. నికరాగువాలో చిచిగల్పా దగ్గర ఒక పల్లెలో ఎంతమంది చెరుకు కూలీలు పోయారంటే దాన్ని విధవల దీవి అంటున్నారు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకూ ఇటువంటి జబ్బే వుంది. గల్ఫ్ ఎండల్లో కట్టడాల పనికి పోయి కిడ్నీలు పోగొట్టుకుని తిరిగివచ్చిన నేపాలీ కుర్రాళ్ళ సంగతీ లోకానికి తెలుసు. అన్నిచోట్లా జబ్బుకు మూలం ఒకటే అని సైన్సు తేల్చలేదు. కాని అన్నిచోట్లా జబ్బు పడినవాడి వృత్తి చూడండి. ఎవరు ఎండలో వంగి పనిచేస్తారో వాళ్ళే.

మాకు ఎక్కువగా ఆశ కలిగించినది కూడా ఆ చెరుకు తోటల నుంచే వచ్చింది. ఎల్ సాల్వడార్‌లో 2014-15 కోతల కాలంలో ఒక ప్రయోగం చేసారు. కోసేవాళ్ళకు వీపున తగిలించుకునే నీళ్ళ సంచి, చేనుతో పాటు జరిపే నీడ గుడారం, వేళకు విశ్రాంతి, చేతికి వాటమైన కత్తి. ఇంతే. వాళ్ళ కోత తగ్గలేదు, పెరిగింది. తర్వాత నికరాగువాలో ఇంకా గట్టిగా నీళ్ళు, నీడ, విశ్రాంతి అమలు చేసిన చోట కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గింది. పని గంటలు పోతాయని గోలపెట్టే ఆసాములకు చెప్పడానికి ఈ లెక్క మాకు బాగా పనికి వచ్చింది.

చట్టం ఏమంటుంది? 1948 ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ ప్రకారం కార్మికులకు మంచి తాగునీరు పెట్టాలి, మరుగుదొడ్డికి ఆ నీటికి 6 మీటర్ల ఎడం వుండాలి, 250 మందికి పైగా పనిచేసే చోట ఎండాకాలం చల్లని నీళ్ళివ్వాలి. 19వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేర్వేరు దొడ్లుండాలి. 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలో ఆ చట్టాన్ని కలిపేసారు, దాని మీద మా అభ్యంతరాలు వేరే సంగతి. కాగితం మీదనైనా ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఒలిచే కార్మికురాలికి ఒంటేలికి పోయే హక్కు రాసి పెట్టారు. అదే పత్తిని చేలో ఏరిన ఆమె అక్కకు రాయలేదు. పత్తి ఒక్కటే, మనిషి ఒక్కటే, గేటు లోపల ఒక న్యాయం, గేటు బయట ఒక న్యాయం. 2005 ఉపాధి హామీ చట్టం పని చోట తాగునీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి, ప్రథమ చికిత్స పెట్టె అని రాసింది. దొడ్డి మాట అందులోనూ లేదు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఇంకొకటి చేసింది.

చేలో దొడ్డి ఎక్కడైనా సాధ్యమా అని వెక్కిరించేవాళ్ళ కోసం ఒక మాట. అమెరికాలో పొలం కూలీలకు నీళ్ళు, దొడ్లు కావాలని 1972లో అర్జీ పెట్టారు. ప్రభుత్వాలు పదిహేనేళ్ళు నాన్చాయి, కోర్టు మొట్టికాయ వేస్తే 1987లో నిబంధన వచ్చింది. 11 మంది, ఆ పైన కూలీలున్న పొలంలో 20 మందికి ఒక దొడ్డి, పావు మైలు నడకలో వుండాలి, చేతులు కడుక్కునే నీళ్ళుండాలి. ఆ దేశపు పెట్టుబడిదారులేమీ మన ఆసాములకన్నా దయగలవాళ్ళు కారు. అడిగారు, పోరాడారు, వచ్చింది.

మా ప్రాంతానికి ఇంకొక పీడ సుగ్గి. ఇక్కడ వానలు మోసం చేసినప్పుడల్లా, మోసం చేయకపోయినా, ఆస్పరి, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు పోతాయి. చేను పక్కన టార్పాలిన్ కింద కాపురం. మిరప చేలో కొట్టిన మందుల వాసన చావకముందే కోత. తాగేది ఆ ఊరి కాలువ నీరో బోరు నీరో. అక్కడ ఊరు మనది కాదు, చాటు మనది కాదు. జ్వరం వచ్చినా, మంట వచ్చినా మేస్త్రి ఇచ్చిన బిళ్ళే మందు. నెలల తర్వాత ఇల్లు చేరి ముఖం ఉబ్బిందంటే "ఊరు నీళ్ళు పడలేదు" అనుకుంటారు.

ముఖం ఉబ్బడం, కాళ్ళు వాయడం, ఉచ్చలో నురుగ నిలవడం, ఊరికే ఆయాసం, ఇవి చాలామందిలో ఆలస్యంగా కనిపించే గుర్తులు. కిడ్నీ పని సగం పడిపోయేదాకా మనిషికి ఏమీ తెలియదు. రక్తంలో చూసే క్రియాటినిన్ కూడా సగం పోయిన తర్వాతే గట్టిగా లేస్తుంది. ఇక్కడ మాకు డాక్టరు చెప్పిన ఒక సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. క్రియాటినిన్ పుట్టేది కండ నుంచి. రిపోర్టులో 1.2 దాకా మామూలే అని అచ్చు వేసి వుంటుంది. కండ పట్టిన మగవాడికి అది మామూలే. ఎముకలు తేలిన కూలి స్త్రీకి 0.6 వుండవలసింది 1.2 వచ్చిందంటే రెండింతలైనట్టు. రిపోర్టు చూసి బాగుంది పో అంటారు, ఆమె పోతుంది. కాబట్టి అంకె ఒక్కటే చూడగూడదు, వయసు, ఆడా మగా కలిపి వడపోత రేటు లెక్క కట్టమని అడగాలి. ఉచ్చలో మాంసకృత్తులు పోతున్నాయా అని రంగు పట్టీ ముంచి చూసే పరీక్షకు పెద్ద ఖర్చు లేదు, పెద్ద మిషను అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సుగ్గికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి రక్తపోటు, ఆ పట్టీ, క్రియాటినిన్ చూసి కార్డు మీద రాయమంటున్నాము. ఇది కోరరాని కోరికా?

చెడిన తర్వాత ఖర్చు చూడండి. డయాలసిస్ అంటే మిషనుతో రక్తం కడగడం. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు, బతికినన్నాళ్ళు. ప్రభుత్వ పథకం కింద మిషను ఉచితమే కావచ్చు. ఆదోనికో కర్నూలుకో బస్సు ఛార్జీ, వెంట పోయే మనిషి కూలి, మధ్యాహ్నం తిండి ఉచితం కావు. వారంలో మూడు రోజులు ఇద్దరి కూలి పోయిన ఇంట్లో మిగిలేదేమిటి? ఇటువంటి చోట ఆదోని వైద్య కళాశాల సంపూర్ణంగా ప్రభుత్వ ఆసుపత్రిగా నిలబడడం కూలీలకు ప్రాణావసరం. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 10 కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది, వాటిలో ఆదోని ఒకటి. ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు పల్లెల నుంచి వచ్చే రోగికి ఆ ఆసుపత్రిలో ఎన్ని పడకలు ఊరికే దొరుకుతాయి, ఎన్నింటికి బిల్లు వేస్తారు అనేదే మాకు ముఖ్యం. భాగస్వామ్యం అనే మాటలో మా భాగం ఎంతో ముందు చెప్పమనండి.

కైరుప్పలలో మళ్ళీ కూర్చున్నాము. ఈసారి ఆసాములను, మేస్త్రీలను కూడా పిలిచాము, నలుగురైదుగురు వచ్చారు. కూలి రేటు గురించి గంటసేపు వాదన నడిచింది, అది మామూలే. పన్నెండు నుంచి మూడు దాకా ఎండవేళ పని ఆపి, పొద్దున ముందుగా మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. పది మందికి రెండు బిందెల చొప్పున నీళ్ళు ఆసామే చేలోకి తెప్పించాలి, అది కూడా ఒప్పుకున్నారు. ఒకాయన మజ్జిగ కూడా పోస్తానన్నాడు, ఆయనకు గొడ్లున్నాయి. చాటు మాట రాగానే అందరూ గుసగుసలు పెట్టారు. "చీర అడ్డం పెట్టుకుంటే సరిపోదా?" అని ఒక పెద్దాయన అన్నాడు. మొదటి రోజు నవ్విన ఆమె ఈసారి నవ్వలేదు.

"నువ్వు పెట్టుకుంటావా మామా పంచె అడ్డం, మా అందరి ముందర?"

ఆయన ఇంక మాట్లాడలేదు. చివరికి నాలుగు గుంజలు, ఒక టార్పాలిన్, గుంట తవ్వి మన్ను కప్పడానికి ఒక పార, పని ఏ చేలో వుంటే ఆ చేలోకి మోసుకుపోయేట్టుగా తయారు చేయించాలని అనుకున్నారు. టార్పాలిన్ ఎవరు కొనాలి, మేస్త్రీనా, ఆసామా అనే దగ్గర మాట తెగలేదు. గుంజలు మటుకు కూలీలే నరుక్కొచ్చారు, గుడి వెనక ఆనించి పెట్టారు. వచ్చే బేస్తవారం మళ్ళీ కూర్చుంటున్నాము.